కొసమడికి మొదటి గిన్నె

మా ఎర్రగట్టుపల్లిలో ఇద్దరు మాటామాటా అనుకుంటే చాలు, పక్కనున్న మూడోవాడు "రాజకీయం చెయ్యకుండ్రి" అంటాడు. పెళ్లిలో కూర తక్కువైందన్నా అదే మాట. బర్రె పోయి పక్కవాళ్ల గడ్డివాము మీద పడిందన్నా అదే మాట. ఈ మాట మా ఊళ్లోకి ఏ రోజు, ఏ పూట వచ్చిందో నాకు తెలుసు. వస్తూ వస్తూ అది నీరటి బుచ్చన్న నెత్తిన పడింది. ఆ పూట మా అమ్మ చెరువుకట్ట మీదే ఉంది. ఆమె చెప్పిన ప్రతిసారీ కాస్త కలిపి చెప్పేది. నేను కాస్త తీసేసి చెప్తాను.

పాన్‌గల్ నుంచి తెలకపల్లి వైపు పోయే బాటలో ఉంటుంది మా ఊరు. ఉన్నది ఒక్క చెరువు. ఆ నీళ్లు పంచేవాడే నీరటి. తూము ఎత్తేది అతనే, దించేది అతనే. బుచ్చన్న పొడుగు మనిషి, ముందుకు వంగి నడిచేవాడు, కాళ్లకి ఎప్పుడూ మోకాళ్ల దాకా బురద. పెళ్లి పీటల మీద కూర్చున్నప్పుడు కూడా మడమలకి బురద ఉందని భార్య ఎంకమ్మ ఊరంతా చెప్పేది. "మొదటి పెండ్లాం చెరువు. నేను రెండోదాన్ని" అనేది. కోపంగా కాదు, కొంచెం గొప్పగానే.

అతని దగ్గర వాళ్ల నాన్న ఇచ్చిన రాగి గిన్నె ఒకటి ఉండేది. అరచేతిలో పట్టేంత. అడుగున సూదిమొన దూరేంత చిల్లు. నీళ్ల కుండలో వదిలితే తేలుతూ తేలుతూ మెల్లగా నిండి మునిగిపోతుంది. మునిగిందంటే ఒక గడియ అయినట్టు. ఈ మడికి మూడు గిన్నెలు, ఆ మడికి అయిదు గిన్నెలు అని తాతల నాడే తెగిపోయింది. గిన్నె మునిగిందని బుచ్చన్న అంటే మునిగినట్టే. ఎవరూ పోయి కుండలోకి తొంగి చూసింది లేదు.

చెరువు నిండుగా ఉన్నన్నాళ్లు ఈ గిన్నెతో పని లేదు. ఎవరి మడికి వాళ్లు పెట్టుకునేవారు. తూము రాతి మీద మూడు గాట్లు ఉండేవి. నీళ్లు మూడో గాటు దిగితే వంతులు మొదలు. ఆ రోజు బుచ్చన్న డప్పు కొడితే ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లూ కట్ట మీదికి రావాలి. కట్ట మైసమ్మకు బోనం పెట్టాక, అతను గుప్పెట్లో కట్ట మన్ను పట్టుకుని ఒక్కొక్కరి పేరు పిలిచేవాడు. పిలిచినవాళ్లు "ఉన్న" అని పలకాలి. పదిమంది వింటుండగా పలికాక ఆ వంతు మీద ఇంకెవరూ చెయ్యి వేయరు. పిలవని వంతు వంతే కాదు.

ఇంకో సంగతి. కరువు పడ్డ ఏడు పిలుపు తిరగబడేది. కొసమడికి మొదటి గిన్నె, తూము కిందవాడికి ఆఖరి గిన్నె. ఎండిన కాలువలో నీళ్లు కొసదాకా నడవాలంటే చెరువులో ఇంకా బరువు ఉన్నప్పుడే నడవాలి. చివర్న వదిలితే కాలువే తాగేస్తుంది.

కొసమడి అలివేలమ్మది. ఆమెదంటే కౌలుది. భర్తను పాము కరిచింది. ఇంట్లో చూపు పోయిన అత్త ఒక్కతే మిగిలింది. మడి సొంతదారు ముందే చెప్పేశాడు, ఈ పంట ఇంటికి రాకపోతే మడి వేరేవాళ్లకి ఇస్తానని. ఆ మడి పోతే ఆ ఇద్దరు ఆడవాళ్లకి ఊళ్లో ఇంకేమీ లేదు.

అది రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడు. వానలు తొలకరిలో బాగా ఆడి, పుబ్బ కార్తెలో మొహం చాటేశాయి. సరిగ్గా వరి పొట్టకొచ్చే వేళకి నీళ్లు మూడో గాటు దిగాయి. పొట్ట మీదున్న వరి, నెలలు నిండిన ఆడది ఒకటే, ఆ పది రోజులు దాహానికి ఆగలేరు అనేది మా అమ్మ.

బుచ్చన్న డప్పు కొట్టాడు. జనం వచ్చారు. బోనం దించారు. అతను మన్ను గుప్పెట పట్టి నోరు తెరిచేలోపల కట్ట అవతలి నుంచి పోలీసు పటేలు ఎక్కి వచ్చాడు, వెనకాల ఠాణా జమాదారు. పటేలు మళ్లు సరిగ్గా తూము కిందే ఉన్నాయి. వంతులు లేనన్నాళ్లు ఆయన ఎవరినీ అడగక్కర్లేదు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

"ఏందిరా బుచ్చిగా, గీ మందేంది?"

"వంతులు దొరా. మూడో గాటు దిగింది."

జమాదారు టోపీ సర్దుకున్నాడు. "ఇజాజత్ ఉన్నదా?"

బుచ్చన్న పటేలు మొహం చూశాడు. అనుమతి ఉందా అని అడుగుతున్నాడని పటేలు చెప్పాడు.

"మైసమ్మకు ఇజాజతేంది సారూ? ఆమెకు మేకపోతు సాలు."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వే కొంప ముంచింది అంటుంది మా అమ్మ. జమాదారు చెవులు ఎర్రబడ్డాయి.

"గింతమంది ఒక్కకాడ నిలబడుడు, పేర్లు పిలుసుడు, సై అనుడు! గిది సియాసీ జల్సా!"

"గదేంది దొరా?"

"రాజకీయం చేస్తున్నవంటుండు" అన్నాడు పటేలు.

"నేనా? పొద్దుగాలకెల్లి తూము కాడికెల్లి లేవనే లేదు. ఎప్పుడు చేసిన?"

వెనక నిలబడ్డ ముసలమ్మ పక్కామెను గిల్లింది. "ఏం చేసిండట?"

"రాజకీయమట."

"అయ్యో! పెండ్లాం ఇంట్లనే ఉన్నది గద!"

అప్పుడు మాది నైజాం రాజ్యం. నలుగురు కూడి సభ పెట్టుకోవాలంటే తాలూకా కచేరి అనుమతి కావాలి. రాజకీయాలు మాట్లాడబోమని ముందే రాసివ్వాలి. ఆ హుకుం పట్నాల్లో సభలు పెట్టే చదువుకున్నవాళ్ల కోసం వచ్చింది. దాన్ని మోసుకొచ్చి మా చెరువుకట్ట మీద దించింది మాత్రం పటేలే. దించిన బోనం మళ్లీ ఎత్తుకుని ఆడవాళ్లు ఇళ్లకు పోయారు. బుచ్చన్న గుప్పెట్లో మన్ను అలాగే ఉండిపోయింది. ఎక్కడ వేయాలో తెలియక ఇంటిదాకా పట్టుకుపోయాడట.

మర్నాడు పొద్దున్నే బుచ్చన్న, అలివేలమ్మ జొన్నరొట్టెలు మూట కట్టుకుని కచేరికి నడిచారు. పోయేసరికి ఎండ నడినెత్తిన ఉంది. దరఖాస్తు రాసే మున్షీ చెడ్డవాడేం కాదు. ముందు మంచినీళ్లు ఇప్పించాడు. తర్వాతే కలం తీశాడు.

"ఆడ ఏం మాట్లాడుతరు?"

"పేర్లు పిలుస్త సారూ."

"పిలిచి?"

"కొసమడికి మొదటి గిన్నె అంట."

మున్షీ కలం ఆగింది. "తూము కాడ ఉన్నోన్ని ఇడిసిపెట్టి కొసోనికి మొదలిస్తవా?"

"గదే మా కట్టుబాటు."

"అరే, ఎవనికి ముందు, ఎవనికి ఎన్క అని పదిమందిల ఒర్లుడే కద సియాసత్ అంటే. ఇంకేమనుకున్నవ్?"

అలివేలమ్మ అంతదాకా గడప దగ్గర కొంగు కప్పుకుని నిలబడింది. అక్కణ్ణుంచే అడిగింది. "మరి పటేలు దొర నిన్నకెల్లి తన మనుషులతోని తూము ఎత్తించి నీళ్లు పెట్టుకుంటనే ఉన్నడు గద సారూ. గదేంది?"

"గది ఎవుసం, సేద్యం."

"ఆయన పెట్టుకుంటే ఎవుసం. మేమడిగితే రాజకీయమా?"

మున్షీ బుచ్చన్న వైపు తిరిగి తల ఊపాడు. "సూసినవా? గిప్పుడు ఈమె చేస్తున్నది."

పాపం, నవ్వుతూనే అన్నాడు. ఉర్దూలో కాగితం నింపి, బుచ్చన్న బొటనవేలు సిరాలో ముంచి ఒత్తించాడు. రాజకీయం చెయ్యనని రాసిచ్చినట్టేనని, వారం పది రోజుల్లో అనుమతి వస్తుందని చెప్పి, నకలు ఒకటి చేతిలో పెట్టాడు. తిరుగుబాటలో బుచ్చన్న చాలా తేలిగ్గా నడిచాడు. "చెయ్యనిది చెయ్యనని రాసిస్తే మనదేం పోయింది చెల్లె?" అన్నాడు. అలివేలమ్మ మాత్రం వేళ్లు మడిచి చూసుకుంటూ నడిచింది. పది రోజులంటే వరి ఆగుతుందా అని.

నాలుగో రోజున రామన్న వచ్చాడు. సైకిల్‌కి పుస్తకాల మూట కట్టుకుని ఊరూరా తిరిగి చదివించే మనిషి. ఉర్దూ కూడా వచ్చు. బుచ్చన్న రుమాలులో మడిచిన నకలు తీసి ఇచ్చాడు. రామన్న చదివాడు. మళ్లీ చదివాడు.

"మామా, గిందుల ఏమున్నదో చెప్పిండ్రా నీకు?"

"రాజకీయం చెయ్యనని ఉన్నదట."

"గదొక్కటే కాదు. మందిని పోగుజెయ్య, కట్ట మీద ఎవరి పేరు ఎత్తి పిలువ, పిలిస్తే నా నీరటితనం పోయినా సరే అని ఉన్నది. ఇజాజత్ వచ్చేదాక."

బుచ్చన్న నకలు వెనక్కి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఎంకమ్మ మంచినీళ్లు తెచ్చింది. తాగలేదు.

"పత్రికకు రాస్త మామా. నీరటి నోరు కట్టేసిండ్రని రాస్త. పట్నంల చదువుతరు" అన్నాడు రామన్న.

"వద్దయ్యా. నాకు నీళ్లు కాల్వల రావాలె, కాయిదంల కాదు. నీ పుణ్యముంటది, రాయకు. మొత్తానికే రాజకీయమంటరు."

"నువ్వు నోరు మూసుకున్నా రాజకీయమనే అంటుండ్రు కద. గా పేరు ఎట్లైనా పడ్డది. పడ్డంక చేస్తేనే నయం. పో, కట్ట మీదికి పోయి పిలువు."

బుచ్చన్న తన బొటనవేలు చూసుకున్నాడు. సిరా మరక ఇంకా పూర్తిగా పోలేదు.

"నా ఏలు ఆడ ఉన్నది రామన్నా. నా ఏలు మాట తప్పితే, రేపు గిన్నె మునిగిందని నేనంటే ఎవడు నమ్ముతడు?"

ఈ మాట విని రామన్న సైకిల్ తోసుకుంటూ వెళ్లాడు, ఎక్కకుండా. పత్రికకు రాశాడో లేదో నాకు తెలియదు. రాసినా మా ఊళ్లో చదివేవాళ్లు ఎవరు?

బుచ్చన్నకి ఒక ఉపాయం తోచింది. నీరటికి తప్ప ఇంకెవరికీ తోచని ఉపాయం, నీరటి తప్ప ఇంకెవరూ చేయని తప్పు. కట్ట మీద పిలవనని కదా వేలు వేసింది? ఇల్లిల్లూ తిరిగి ఎవరి వంతు వాళ్లకి మెల్లగా చెప్తే? తిరిగాడు. "నీది రేపు పొద్దు తిరిగినంక, రెండు గిన్నెలు. అలివేలమ్మది ముందు." అందరూ తలూపారు. మర్నాడు తూము ఎత్తి, కుండ పెట్టుకుని, ఒక్కడే కూర్చుని గిన్నె వదిలాడు.

నీళ్లు సగం కాలువ దాటలేదు.

ఎందుకు దాటుతాయి? పక్కవాడికి ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. అందరూ వినంది వంతు కాదు. నడిమి మళ్లవాళ్లు గండ్లు కొట్టుకున్నారు. అడిగితే, "నాకు మూడని చెప్పిండు, వానికి నాలుగని చెప్పిండట, నేను పిచ్చోన్నా?" అన్నారు. రెండు రోజుల్లో మాటలు ముదిరాయి. కచేరికి ఇద్దరే నడిచిపోయారు కదా, బాటలో ఏం మాట్లాడుకున్నారో అని ఒకామె అంది. అలివేలమ్మ ఇంట్లో బుచ్చన్న అంబలి తాగాడని ఇంకొకామె. మా అమ్మ కూడా ఏదో ఒకటి అనే ఉంటుంది. నేను అడిగితే మాట తప్పించేది.

ముప్పై ఏళ్లుగా తొంగి చూడని కుండలోకి జనం వచ్చి తొంగి చూశారు. ఒకడైతే గిన్నె చేతిలోకి తీసుకుని చిల్లు పెద్దది చేశావా అని వెలుతురుకి పెట్టి చూశాడు. బుచ్చన్న గిన్నె తిరిగి తీసుకుని కుండలో వేసుకున్నాడు. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఎంకమ్మ రొట్టె చరుస్తూ అంది. "ఏమయ్యా, నాకు తెల్వక అడుగుత. కట్ట మీద నిలబడి అందరు వినేటట్టు ఒర్లినన్నాళ్లు నువ్వు నీరటివి. గిప్పుడు ఇల్లిల్లు తిరిగి సెవుల చెప్తున్నవ్. ఒకనికి చెప్పింది ఒకనికి తెల్వదు. గిది గాదా రాజకీయమంటే?"

అతను తలెత్తి భార్యను చూశాడు. ఆమె పెనం మీద రొట్టె తిప్పింది.

ఎనిమిదో రోజు పొద్దున్నే అలివేలమ్మ వచ్చింది. చేతిలో ఒక వరి దుబ్బు. గడప మీద కూర్చుని, ఒక పిలక తీసి పొట్ట దగ్గర గోటితో చీల్చింది. లోపల కంకి దూదిపోగులా తెల్లగా, ఎండి ఉంది.

"సూడన్నా. కడుపులనే సచ్చింది."

"అన్నీ గట్లనేనా?"

"గట్టుపొంటివన్నీ గంతే. నడుమ సగం ఇంక పానం ఉన్నది. ఇయ్యాల తడిస్తే ఏమన్న..." ఆమె పిలకను కింద పెట్టింది. "ఒక్కసారి పిలువు బుచ్చన్నా. నీ నీరటితనం పోతదని నాకు తెల్సు. తెల్సి అడుగుతున్న. సిగ్గిడిసి అడుగుతున్న."

బుచ్చన్న కుండ భుజానికెత్తుకున్నాడు. గిన్నె తీసుకున్నాడు. ఎంకమ్మ అడ్డం రాలేదు. డప్పు మాత్రం లోపల దాచింది. "మందిని పోగుజెయ్యనని కూడ ఉన్నది గద. గదన్న నిలుపుకో" అంది.

కట్ట మీద ఎవరూ లేరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. అతను మైసమ్మ రాయి దగ్గర వంగి గుప్పెడు మన్ను తీసుకుని, తూము మీద నిలబడి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు.

"కొసమడి అలివేలమ్మా!"

అలివేలమ్మ అప్పటికే కొసమడి దగ్గరకి పరిగెత్తింది. దూరం నుంచి సన్నగా వినపడింది. "ఉన్న!"

"రాళ్లమడి లింగయ్యా!"

పొలంలో కలుపు తీస్తున్న లింగయ్య నడుం ఎత్తాడు. అటూ ఇటూ చూశాడు. "ఉన్న!"

ఇలా ఒక్కొక్కరూ. ఎవరి గట్టు మీద వాళ్లు నిలబడి పలికారు. ఎవరూ ఒకచోట కూడలేదు. పొలంలో లేనివాళ్లు ఇంటి కప్పెక్కి పలికారు. మా అమ్మ గడ్డివాము మీదెక్కి మా ఇంటి వంతుకు పలికింది, ఇది మాత్రం నిజం, ఊరంతా చూసింది. ముప్పై ఎనిమిదో పేరు పటేలుది. మూడుసార్లు పిలిచాడు. పలుకు లేదు. అప్పుడు తూము ఎత్తాడు.

కాలువ మీద ఒక్కరూ చెయ్యి వేయలేదు. నడిమి మళ్లవాళ్లు తాము కొట్టిన గండ్లు తామే మట్టి వేసి పూడ్చారు. నీళ్లు ఎండిన కాలువలో చెత్తను నెట్టుకుంటూ, బుడగలు కక్కుతూ నడిచాయి. నాలుగు గిన్నెలు మునిగాయి. కొసమడికి అయిదు గిన్నెలు. అయిదోది సగం నిండేసరికి తూము గొంతులో గరగర శబ్దం వచ్చింది. బురద, రెండు చిన్న చేపలు, అంతే. ఎనిమిది రోజులు పటేలు మళ్లు తాగగా మిగిలింది అది.

కొసమడిలోకి వచ్చింది అరికాలు తడిసేంత. ఆ తడి మట్టి తీసి అలివేలమ్మ మొహానికి రాసుకుందట. కొందరు సంతోషం అన్నారు. నేననుకోను.

మర్నాడు చావడిలో బుచ్చన్నను నిలబెట్టారు. రాగి గిన్నె జమాదారు ముందు బల్ల మీద ఉంది. కాగితం చూపించి జమాదారు అడిగాడు. "ఏలు ఏసి కూడ మల్ల రాజకీయం చేసినవా లేదా?"

"చేసిన సారూ" అన్నాడు బుచ్చన్న. "జర ఆలస్యంగ చేసిన."

నీరటితనం పోయింది. గిన్నెను సాక్ష్యమని పట్టుకుపోయారు, మళ్లీ ఇవ్వలేదు. కొసమడిలో కంకులు వారానికి బయటికొచ్చాయి, తెల్లగా, నిటారుగా. గింజ ఉంటే కదా కంకి వంగేది. ఆమె తాలు కంకుల వరిని పశువులకు కోస్తున్న రోజున కచేరి నుంచి కాగితం వచ్చింది. కట్ట మీద కూడి వంతులు పిలుచుకోవడానికి అనుమతి ఇచ్చారు. పటేలు దాన్ని చావడిలో చదివి వినిపించాడు. చెరువులో అప్పటికి పశువులు నడుస్తున్నాయి.

అలివేలమ్మ, అత్త ఇటిక్యాల దిక్కు, కృష్ణ ఒడ్డుకు కూలికి పోతామని మూట కట్టారు. ఊరి చివరిదాకా బుచ్చన్న, ఎంకమ్మ నడిచారు. కట్ట దగ్గర అలివేలమ్మ ఆగింది.

"వచ్చే ఏడు మూడో గాటు దిగినప్పుడు నా పేరు పిలుస్తవా అన్నా?"

"నేను నీరటిని గాను గద చెల్లె."

"అయితేంది. ఉత్తగనే పిలువు."

"పిలిస్తే పలికేదెవరు?"

ఇద్దరూ తూము వైపు చూస్తూ నిలబడిపోయారు. ఎంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చూపులేని అత్త కట్టె ముందుకు చాపి బాట వెతుక్కుంది.

"నడువుండ్రి, ఎండెక్కుతున్నది" అంది. "నలుగురం నిలబడితిమి. ఎవడన్న సూస్తే రాజకీయం చేస్తుండ్రంటడు."